పచ్చ తెరకు ఇవతల

తాను పడుకోబోయే బల్లను పిన్ని తానే తుడుచుకుంది. తడిగుడ్డ పిండి కోళ్లదాకా తుడిచి, ముడత లేకుండా దుప్పటి పరిచి, తలవైపు స్టూలు జరిపింది.

"ఈరోజైనా ఊరుకోవచ్చుగా పిన్నీ," అని నవ్వాడు మత్తు డాక్టరు.

"నేను తుడవని బల్ల మీద నేను పడుకోను బాబూ."

ఆసుపత్రిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె పిన్నే. ఆపరేషన్ గదిలో ఆమె ఉద్యోగమంతా ఆ స్టూలు మీదే. కాలికి మాత్రమే మత్తిచ్చి కోసేటప్పుడు మనిషి మెలకువగానే ఉంటాడు. నడుము దగ్గర పచ్చ తెర కడతారు కాబట్టి కోత కనబడదు, చెవులకు మాత్రం తెర ఉండదు. ఇవతల కూర్చుని రోగి చెయ్యి పట్టుకుని, పిల్లల సంగతో కూరల సంగతో మాట్లాడిస్తూ ఉండాలి. అవతలివాళ్లు నోరు జారబోతే, "పేషెంటు మెలకువగానే ఉన్నారమ్మా" అని ఒక్క కేక. ఆ కేకకు పెద్ద డాక్టరు కూడా నోటికి తాళం వేసుకునేవాడు. అందుకు పిన్నికి లోలోపల కాస్త గర్వం.

నిలబడీ తిరిగీ ఆమె కుడికాలి బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చింది. చెప్పుకు ఆ మేర గుండ్రంగా కన్నం కోసుకుని ఏళ్ల తరబడి నెట్టుకొచ్చింది. ఆపరేషన్ వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఒప్పించింది హెడ్ నర్సు. పనిలో చేరిన కొత్తలో రక్తం చూసి కళ్లు తిరిగి, పిన్ని ఒళ్లో తల పెట్టుకుని తేరుకున్న పిల్లే ఆమె. "నీ స్టూలు ఎక్కడికీ పోదు. కాలు బాగయ్యాక వచ్చి కూర్చో," అని చేతిలో చెయ్యి వేసింది. భర్త పోయాక పిన్నికి మనుషులతో మాటామంతీ ఉన్నది ఆ గదిలోనే. అందుకే ఆ మాట నమ్మింది.

చెప్పులు ఎప్పట్లాగే గుమ్మం బయట విప్పి వచ్చింది కాబట్టి, ఇక బల్లెక్కి పడుకుంది. మోకాలి వెనక సూది పడింది. కాసేపటికి పాదం వెచ్చబడి, బరువెక్కి, తనది కాకుండా పోయింది. తెర కట్టారు. స్టూలు మీద ఎవరో కొత్తమ్మాయి కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ గడియారం చూస్తోంది. నేర్చుకోవడానికి వచ్చిందేమో పాపం, అనుకుంది పిన్ని.

"ఎవరీ అమ్మాయి?" తెరకు అవతల పెద్ద డాక్టరు అడిగాడు.

"మా ఆడపడుచు సార్. ఒకటో తారీకు నుంచి పిన్ని చోట్లో ఉంటుంది. ఆఫీసులో అంతా అయిపోయింది." హెడ్ నర్సు గొంతు తగ్గించే అంది. ఆ గదిలో గుసగుసలు పట్టడం పిన్ని చెవులకు కొత్త కాదు.

"పిన్నికి తెలుసా?"

"తెలిస్తే ఆపరేషనుకు ఒప్పుకునేదా సార్? సెలవు పెడితేనే గదా చోటు ఖాళీ అయ్యేది. ఇంటికెళ్లాక మెల్లగా చెబుదాంలెండి."

ఇన్నాళ్లూ గుర్తుచేసిన గొంతు బల్ల మీద ఉంది కనుక, రోగికి వినబడుతుందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కేక వెయ్యాలని కొత్తమ్మాయికి తెలియదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు. కాలు కోస్తుంటే తెలియని మనిషికి ఈ కోత మాత్రం బాగా తెలిసింది. ఏడుపు కంటే ముందు ఒళ్లు మండింది.

"పేషెంటు మెలకువగానే ఉందమ్మా," అంది పిన్ని.

అవతల చేతులు ఆగిపోయాయి. ఆ తర్వాత గబగబా కుట్లు వేసి తెర విప్పారు.

సాయంత్రం హెడ్ నర్సు మాత్రలు తెచ్చింది. గ్లాసులో నీళ్లు పోసి, తల ఎత్తకుండానే అందించింది.

"మత్తు దిగకముందే వేసుకో పిన్నీ. నొప్పి మొదలయ్యాక వేసుకుంటే ఆగదు."

ఆ మాటలు పిన్నివే. ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

"మాత్ర ముందే ఇవ్వాలని తెలుసుగా. మాట కూడా ముందే చెప్పకపోయావా? నేనే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేదాన్ని కదే."

"నా ఇంట్లో గొడవలు నావి పిన్నీ..."

"ఉంటాయిలే. నా కాలే దొరికిందా నీకు?" మాత్రలు మింగి, గ్లాసు తిరిగిచ్చింది. "ఆ పిల్లతో చెప్పు. చెయ్యి పట్టుకోమను. గడియారం చూడొద్దను."

ఇంటికి తీసుకెళ్లడానికి పిన్ని చెల్లెలు ఆటో తెచ్చింది. ఆపరేషన్ గది గుమ్మం దగ్గర నుంచి ఎడమకాలి చెప్పొక్కటే తెచ్చి తొడిగి, కట్టు కట్టిన కుడిపాదం కిందకి వేలాడకుండా పట్టుకుంది.

"రెండో చెప్పు తేనా అక్కా?"

"ఎముక కోసేశారుగా, ఆ కన్నంతో నాకేం పని? పద."

పిన్ని వెనక్కి చూడకుండానే ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున కొత్తమ్మాయి ఆపరేషన్ గది గుమ్మం బయట తన చెప్పులు విప్పింది. పక్కన కుడికాలి చెప్పు ఒక్కటే, గుండ్రటి కన్నంతో, గదివైపు తిరిగి ఉంది.