గుచో చెయ్యి

గ్లాసు మైదా, గ్లాసు మెత్తటి ఉప్పు, అరగ్లాసు నీళ్లు. పసివాళ్ల చేతి అచ్చు తియ్యడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. మా ఊరు తర్నూఫ్‌లో ఒక బాలబడి వంటింట్లో ఇరవై ఆరేళ్లు గరిటె తిప్పినదాన్ని, నాకు ఒకరు చెప్పాలా? మా దేశంలో జనవరి ఇరవై ఒకటి అమ్మమ్మలకీ నానమ్మలకీ పండగ. దానికి వారం ముందు టీచర్లు పిండి కోసం నా చుట్టూ తిరిగేవాళ్లు. పిల్లలు నొక్కిన చేతులన్నీ నా ఓవెన్‌లోనే ఆరేవి. వందల చేతులు ఆరబెట్టాను, అన్నీ ఎవరెవరి అమ్మమ్మలకో వెళ్లిపోయాయి.

ఈ ఏడు మాత్రం నేనూ అమ్మమ్మనే. మా అమ్మాయి కింగాకి కొడుకు పుట్టి ఏడు నెలలు. పేరు గుస్తావ్, మాకు గుచో. ఫిబ్రవరిలో కింగా మళ్లీ ఆఫీసుకి వెళ్లాలి. "వాణ్ణి పరాయివాళ్ల చేతిలో పెట్టలేనమ్మా, నువ్వే చూసుకోవాలి" అని అక్టోబరులో నా కాళ్లావేళ్లా పడింది. నాకు అరవై నిండాయి గానీ ఇంకో రెండేళ్లు ఉండమని మా హెడ్ టీచరు బతిమాలింది. వినలేదు. క్రిస్మస్‌కి ఉద్యోగం మానేసి వచ్చాను. మా ఆయన మారియన్‌ చేత పడగ్గదిలో చిన్న మంచం కూడా వేయించాను.

పండగకి నాలుగు రోజుల ముందు కింగా పిల్లాణ్ణి తీసుకొచ్చి, అచ్చు తియ్యాలంది. ఎవరికో నాకు తెలియదా? మా వియ్యపురాలు లీదియాకి. ఊరి చివర తోట ఉన్న ఇల్లు ఆవిడది, మనవణ్ణి చూసేది నెలకోసారి. "పాపం, ఆవిడకి ఉప్పు చెయ్యే గతి. అసలు చెయ్యి నా దగ్గరే ఉంటుందిగా" అని దెప్పాను. కింగా పిల్లాడి చొక్కా చేతులు మడుస్తూ కూర్చుంది.

మొదటిసారి గుచో పిడికిలి బిగించి పిండిని పీకేశాడు. రెండోసారి పిండి నోట్లో పెట్టుకుని, ఉప్పు తగిలి మొహం చిట్లించాడు. అప్పుడు వాడి చేతి వెనకవైపు వేలితో మెల్లగా నిమిరాను. వేళ్లు విచ్చుకున్నాయి. ఒక్కొక్క వేలూ నొక్కి తీశాను. బొటనవేలి కింద గీతతో సహా పడింది. కింగా కళ్లు తుడుచుకుంటుంటే, తల్లి మనసు కదా అనుకున్నాను. ఓవెన్ తలుపు సందున చెక్క గరిటె పెట్టి, సన్న వేడి మీద పొద్దుగూకేదాకా ఆరబెట్టాను. నీలం రంగు నేనే వేశాను, ఆవిడకి నీలమంటే ఇష్టమని. వంక పెట్టే అవకాశం ఆవిడకి ఇవ్వదలచుకోలేదు. రంగు ఆరాక కింగా పట్టుకెళ్లింది.

పండగ రోజు గసగసాల కేకు చేశాను. కింగా, అల్లుడు రాదెక్ గుచోని ఎత్తుకుని పూలతో వచ్చారు. కింగా నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. తెరిస్తే ఆ నీలం చెయ్యే. నాకేనా అని రెండుసార్లు అడిగాను. నీకేనంది. ఎంత పిచ్చిదాన్నో, దాన్ని ముద్దు పెట్టుకున్నాను.

ఆ తర్వాత కింగా టేబుల్‌గుడ్డ వంకే చూస్తూ చెప్పింది. లీదియా తన మేడ మీది గదులు వీళ్లకి ఇస్తోందట. ఫిబ్రవరిలో అక్కడికి మారిపోతారట. పిల్లాణ్ణి ఆవిడే చూసుకుంటుందట. తోట ఉంది, మా నాలుగో అంతస్తుకేమో లిఫ్టు లేదు.

"నీ దగ్గర వాడి గుర్తుగా ఉంటుందని చేయించానమ్మా" అంది.

"గుర్తు ఎవరికిస్తారే? వాడు బతికే ఉన్నాడు. నేనూ బతికే ఉన్నాను."

ఎప్పుడు అనుకున్నారని అల్లుణ్ణి అడిగాను.

"నవంబరులో, అత్తయ్యా."

"నేను ఉద్యోగం మానేసింది క్రిస్మస్‌కి."

"చెబుదామనే అనుకున్నాం" అంది కింగా. "నువ్వు అంత సంబరంగా ఉంటే నోరు రాలేదమ్మా."

నా కడుపున పుట్టిన పిల్ల నా ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చుంది. అచ్చు ఎక్కడ పడేస్తానో అని మారియన్ అందుకున్నాడు.

"వంటింట్లో తగిలిద్దాం. నీ కళ్లెదురుగా ఉంటుంది" అన్నాడు.

వెనకే వెళ్లాను. కిటికీ పక్క గోడకి కొత్త మేకు ఉంది. కింద సున్నం పొడి ఇంకా ఊడ్వలేదు.

"ఇదెప్పుడు కొట్టావు?"

"పొద్దున్నే, నువ్వు పాలకి వెళ్లినప్పుడు."

ముందుగదిలో గుచో ఏడుపు అందుకున్నాడు. వెళ్లి ఎత్తుకున్నాను. అప్పటిదాకా ఆ ఇంట్లో ఈ సంగతి తెలియనివాళ్లం ఇద్దరమే, నేనూ వాడూ.