బావ పేరు మీద ఇచ్చిన నెత్తురు

కృష్ణారావుకి అరికాళ్ళు మండిపోతున్నాయి. షుగరు నరాలను తినేసిందట. బోటు మీద నిలబడలేడు, మంచం మీద పడుకోలేడు. అంత మగాడూ దుప్పటి అంచు తగిలితే చాలు, చంటిపిల్లాడిలా ఏడుస్తాడు. చూస్తూ ఊరుకోవడం అతని భార్య రాణి వల్ల కావడం లేదు.

అలాంటప్పుడు డాక్టరు అనుపమ వాళ్ళ ఊరు బారువకి వచ్చింది, నొప్పి మందు మీద పరిశోధన చేస్తూ. నరాల్లో చిన్న చిన్న తలుపులుంటాయట. వాటిలోంచి కాల్షియం లోపలికి వెళ్తేనే నొప్పి కబురు పైకి పోతుందట. ఆ తలుపులు మూసే మాత్ర ఇస్తామంది. రాణికి ప్రాణం లేచొచ్చింది. కానీ మెలిక ఉండనే ఉంది. ఆ మందు కిడ్నీల గుండానే ఒంట్లోంచి బయటికి పోవాలి కాబట్టి, ముందు నెత్తురు పరీక్ష. కిడ్నీలు బాగున్నవాళ్ళకే మాత్ర.

ఊరూరా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ పరీక్ష పేరెత్తి చూడండి! తుఫానుకి జంకని మొనగాళ్ళు కూడా గోడ చాటుకు తప్పుకుంటారు. కృష్ణారావు అన్నని ఆ జబ్బే మింగింది.

"నాను సెయ్యి సాపను. ఉందని తెలిత్తే ఆ బెంగతోనే పోతాను," అని భీష్మించుకున్నాడు.

రాణి తమ్ముడు యువరాజు పకపకా నవ్వాడు. నిండు వలని ఒక్కడే ఒడ్డుకు లాగే మనిషి, తుమ్ము కూడా ఎరగడు.

"ఓస్, ఇంతేనా? నీ పేరు సెప్పి నా నెత్తురిచ్చేత్తాను బావా. నాకేటి, గుండ్రాయిలాగున్నాను!"

వద్దనాల్సింది రాణి. అనలేదు సరికదా, "ఎల్లు తమ్ముడూ, నీకు పుణ్యముంటాది," అంది. సోంపేటలో ఆ పరీక్షలు చేసే అద్దెగదిలో, అంత జనంలో, పేరు పిలిస్తే చెయ్యి చాపినవాడే కృష్ణారావు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాతే ఆమెకి నిద్ర కరువైంది. మొగుడి కిడ్నీలు నిజంగానే పాడై ఉంటే? మాత్ర బయటికి పోక ఒంట్లోనే పేరుకుపోతే? చేజేతులా చంపుకున్నట్టు కాదూ! చేపలు తోముతూ తోముతూ ఆగిపోయేది. చెప్పేద్దామనుకునేది. అతను మంట మంట అని మూలగ్గానే చెప్పడం మాని విసనకర్ర అందుకునేది.

పిలుపొచ్చింది. ముగ్గురూ సోంపేట వెళ్ళారు. యువరాజు బయటే ఆగిపోయాడు. మాత్ర చేతిలో పెడితే ఆ క్షణమే నిజం చెప్పెయ్యాలని ఒట్టు పెట్టుకుని లోపలికి వెళ్ళింది రాణి.

అనుపమ కృష్ణారావు వైపు జాలిగా చూసింది.

"ఈ మందు మీకు ఇవ్వలేమండీ. మీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. పైకి ఏమీ తెలియదు, మనిషి దుక్కలా ఉంటాడు. వైద్యం వెంటనే మొదలుపెట్టాలి. ఉప్పు మాత్రం ఈరోజు నుంచే తగ్గించండి."

హమ్మయ్య అనుకుంది రాణి. మాత్ర ఇవ్వరు, మొగుడు బతికాడు. ఆ మాట పూర్తిగా అనుకోనేలేదు, నెత్తురెవరిదో గుర్తొచ్చింది. పక్కకి చూసింది. కృష్ణారావు ఆమె మొహంలోకి చూడలేక తల దించేసుకున్నాడు.

"ఆయనది కాదమ్మా..." అంది తలుపు వైపు చూస్తూ.

యువరాజు తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో వేయించిన శెనగల పొట్లం, బుగ్గ నిండా శెనగలు.

"ఏటప్పా, పాసయిపోనామా? బావకి మందెప్పుడిత్తారంట?" అని అక్కని అడిగాడు.

రాణి లేచి పొట్లం లాగేసుకుంది.

"ఎందుకు లాగేత్తన్నావు?"

"ఉప్పురా, తమ్ముడూ," అంది రాణి భోరుమంటూ. "నువ్వు తినకూడదురా."