ఎవరి పోలిక?

అది 1976 వేసవి. తిరువూరు దగ్గర ఎ.కొండూరులో సీతారామారావు ఇంట అన్నప్రాశన జరిగింది. పిల్ల నోట్లో పరమాన్నం పెట్టారు. ఎదురుగా పుస్తకం, బంగారం, పువ్వులు పరిస్తే పిల్ల పుస్తకం మీద చెయ్యి వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తరువాత, పసిబిడ్డ కనిపిస్తే చాలు మనమంతా అడిగే ప్రశ్న మొదలైంది.

"ఎవరి పోలికే?"

నుదురు నానమ్మదని ఒకరన్నారు. ముక్కు మేనత్తదని మరొకరన్నారు. సీతారామారావు తల్లి హనుమాయమ్మకు వరసకు తోటికోడలయ్యే సుబ్బాయమ్మ పిల్లను గుమ్మంలోకి, వెలుతురులోకి తీసుకెళ్ళింది.

"ఇదేంటే హనుమాయమ్మా, పిల్లి కళ్ళు! మీ వైపు గానీ, వాళ్ళ వైపు గానీ ఈ కళ్ళు ఎవరికైనా ఉన్నాయటే?"

నవ్వుతూనే అన్నది. హనుమాయమ్మ మనవరాలిని తీసుకుని, కోడలి మొహం చూడకుండా ఒళ్ళో పడేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పాఠకులారా, సుబ్బాయమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ మాట అని, విస్తట్లో రెండోసారి పరమాన్నం వేయించుకుని, సాయంత్రానికి మరిచిపోయింది కూడా. మరిచిపోలేకపోయింది మాత్రం పిల్ల తల్లి ప్రమీలారాణి.

అంతకు ముందు సంవత్సరం పత్తి విత్తనాలు అమ్మే కంపెనీ మనిషి ఒకడు వాళ్ళ వసారా గదిలో కొన్నాళ్ళు అద్దెకున్నాడు. అతని కళ్ళు ఏ రంగో ఎవరికీ సరిగా గుర్తులేదు. అయినా అవి తేనె రంగువేనని ఊరు తేల్చేసింది. కోడలు ముట్టుకున్న మంచినీళ్ళ బిందెను హనుమాయమ్మ మళ్ళీ తోమించసాగింది. సీతారామారావు పిల్లను ఎత్తుకోవడం మానేశాడు. చివరికొక సాయంత్రం భార్య దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కసారి నిజం చెప్పు, ప్రమీలా. నేనేమీ అనను."

ఆమె అతని వంక చూసింది. బీరువాలోంచి పిల్ల గుడ్డలు తీసి సంచిలో సర్దుకుంది. మర్నాడు మొదటి బస్సుకే తిరువూరులో తండ్రి వెంకటప్పయ్య ఇంటికి చేరింది.

ఆ వీధిలోనే సరోజినీదేవి ఉండేది. ఆమె బాలికల ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరు. ప్రమీలారాణికి పదో తరగతిలో పాఠం చెప్పింది కూడా. పిల్లను ఆడిస్తూ సంగతంతా విన్నది. వింటున్నకొద్దీ ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ కోపానికి మరో కారణం కూడా ఉంది. బడి తెరిచాక ఆమె క్షయకరణ విభజన పాఠం మొదలుపెట్టబోతే హెడ్మాస్టరుగారు పిలిపించారు.

"అమ్మా, ఆ పాఠం పిల్లల్ని ఇంటి దగ్గర చదువుకోమనండి. బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తే మార్కులు వస్తాయి. అండం, శుక్రకణం అంటూ ఆడపిల్లల ముందు మనకెందుకు? రేపు తల్లిదండ్రులు నా మీదకొస్తారు."

"బొమ్మ దేనికో తెలియకుండా ఎలాగండీ?"

"ఇన్నాళ్ళూ తెలిసే వేశారా?" అని ఆయన ఫైలు తెరుచుకున్నారు.

మరుసటి ఆదివారం సరోజినీదేవి బస్సెక్కి ఎ.కొండూరు వెళ్ళింది. సీతారామారావు మామిడితోటలో ఉన్నాడు. తొలకరి పడింది కాబట్టి అంట్లు కట్టిస్తున్నాడు. ఆమెను చూడగానే అతని మొహం ముడుచుకుపోయింది.

"రాజీ మాటలైతే వద్దండి, టీచరుగారూ."

"రాజీకి రాలేదు. మీరు బి.ఎస్సీ. చదివారుగా, ఒక ప్రశ్న అడుగుదామని వచ్చాను. క్షయకరణ విభజన అంటే ఏమిటి?"

అతను తెల్లబోయాడు. కానీ జవాబు నాలుక చివరనే ఉంది. "మాతృకణంలోని క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గి, నాలుగు పిల్లకణాలు ఏర్పడే విభజనను క్షయకరణ విభజన అంటారు."

"సగానికి ఎందుకు తగ్గాలి?"

"అది పరీక్షలో అడగలేదండి. బొమ్మలు వెయ్యమన్నారు, వేశాను."

సరోజినీదేవికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంటు కడుతున్న కొమ్మను చూపించింది. "ఇంత కష్టం దేనికి? తియ్యటి రసం పండు తిని ఆ టెంక పాతితే పోదా?"

"టెంక పాతితే ఆ కాయే వస్తుందని నమ్మకం ఏముందండి? పీచుకాయ రావచ్చు, పుల్లది రావచ్చు. అందుకేగా అంటు."

"అలా పుల్లకాయ కాస్తే తల్లి చెట్టును నిలదీశారా ఎప్పుడైనా?"

ఆమె గొంతు తగ్గించింది.

"టెంకలో ఉన్నదే మీ బిడ్డలోనూ ఉంది, బాబూ. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం కలిస్తేనే బిడ్డకు నిండు సంఖ్య వస్తుంది. అందుకే అండంలోనూ శుక్రకణంలోనూ ముందే సగమవుతుంది. మీకు ప్రతి క్రోమోజోమూ జతగా ఉంది, మీ అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. బిడ్డకు ఆ జతలో ఒక్కటే వెళుతుంది. ఏది వెళుతుందో మీరు చెప్పలేరు, ప్రమీల చెప్పలేదు. నల్లకళ్ళ లక్షణం పక్కనుంటే తేనె రంగు లక్షణం బయటికి కనపడదు. ఎన్ని తరాలైనా అలా దాగి ఉంటుంది. మీలో దాగింది, ఆమెలో దాగింది ఒక బిడ్డలో కలిస్తే ఆ కళ్ళు వస్తాయి. ఇది మీరు బొమ్మ వేసిన పాఠమే."

సీతారామారావు చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

ఆ సాయంత్రమే అతను తిరువూరు వచ్చాడు. వెంకటప్పయ్య కూర్చోమనలేదు. ప్రమీలారాణి పిల్లను చంకనేసుకుని గడపలో నిలబడింది.

"తప్పయిపోయింది. టీచరుగారు అంతా వివరంగా చెప్పారు. మన ఇంటికి పోదాం పద."

"టీచరుగారు రాకపోతే?"

అతను పిల్లను అందుకోబోతే ఆమె ఇవ్వలేదు.

"నేను ఏ పాపం ఎరగనని చెప్పడానికి నా నోరు చాల్లేదు మీకు. పుస్తకం చెబితే నమ్మారు. రేపు ఆ పుస్తకంలో లేనిది ఇంకేదైనా వస్తే, అప్పుడు ఎవర్ని పిలుచుకురావాలి నేను? ఎవరి ముందు ఆ మాట పుట్టిందో, వాళ్ళందరి ముందూ చెప్పి రండి. అప్పుడు ఆలోచిస్తాను."

అతను చెప్పాడు. ఎ.కొండూరు ఇంటి వసారాలో అందరినీ కూర్చోబెట్టి క్రోమోజోముల సంగతి, టెంకల సంగతి తనకు చేతనైనట్టు చెప్పాడు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "పెళ్ళాం మీద ప్రేమ ఎంత పని చేయిస్తుందిరా, అబ్బాయ్!" అన్నది సుబ్బాయమ్మ. హనుమాయమ్మ మధ్యలోనే లేచిపోయింది. కోడలి మీద అనుమానాన్ని చచ్చేదాకా వదులుకోలేదు.

"చెప్పాను. నవ్వారు," అన్నాడతను తిరిగొచ్చి. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నన్ను చూసి ఎన్నాళ్ళుగా నవ్వుతున్నారో ఇప్పుడు తెలిసిందా?" అన్నది ప్రమీలారాణి. పిల్లను మాత్రం అతని చేతికిచ్చింది.

ఆమె ఎ.కొండూరు వెళ్ళలేదు. తిరువూరులోనే చిన్న ఇల్లు తీసుకున్నారు. అతను రోజూ బస్సులో తోటకు వెళ్ళి వస్తున్నాడు. కాపురం నిలబడింది. కానీ భర్త పిలిస్తే ఆమె వెంటనే పలకడం లేదు, ఒక క్షణం ఆగి పలుకుతోంది. ఆ క్షణాన్ని ఏ శాస్త్రమూ చెరపలేకపోయింది.

సరోజినీదేవి పదో తరగతిలో తలుపులు బార్లా తెరిచి, బల్ల మీద రెండు మామిడి టెంకలు పెట్టి, ఆ పాఠం మొదటినుంచి చివరిదాకా చెప్పింది. వెనక బెంచీలో ఒక పిల్ల కిసుక్కుమంది. అయినా ఆగలేదు. సగం పాఠంలో హెడ్మాస్టరుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"వద్దన్నానుగదమ్మా!"

"పరీక్షకు అక్కర్లేదండి, నిజమే. వీళ్ళు రేపు కోడళ్ళవుతారు, ఎల్లుండి అత్తలవుతారు. అప్పటికి అవసరం," అని ఆమె మళ్ళీ పిల్లల వైపు తిరిగింది. గొంతులో కోపం ఇంకా తగ్గలేదు.

"బొమ్మ తరువాత వేసుకోండి, ముందు ఇది వినండి. బిడ్డకు ఎవరి పోలిక రావాలన్నది ఏ తల్లి చేతిలోనూ లేదు. ఆ తల్లి మాట నమ్మడం మాత్రం మన చేతిలోనే ఉంది."