ముప్పై ఏమిటి?

నేను ఒక భాషను. తల్లి ఒడిలో నేర్చుకునే రకం కాదు, కంప్యూటర్‌కు పని చెప్పే రకం. నాలో పాటలు లేవు, తిట్లు లేవు. ఉన్నవి నలభై ఒక్క మాటలు. కాచు, ఆగు, కలుపు, వదులు, ఇలాంటివి. వంటింటికి సరిపోయేటన్ని.

నన్ను తయారుచేసింది హైమావతిగారు. రాజమండ్రి దగ్గర ఒక పాల కేంద్రంలో ఇంజనీరు. పాలను ఎంత వేడికి కాచాలో, ఎప్పుడు చల్లార్చాలో యంత్రానికి చెప్పే పని ఆవిడది. ఆ పని అక్కడ ఇంకెవరికీ రాదు. అందుకని ఆరేళ్లపాటు ఆవిడకు సెలవు లేదు. భీమిలిలో ఉన్న అక్కగారు ఏటా రమ్మనడం, ఈవిడ ఏటా వస్తాననడం. చివరికి ఒక భాషే తయారుచేస్తే పాలు కాచే మనుషులే ఎవరి పని వాళ్లు రాసుకుంటారు కదా అని మొదలుపెట్టింది. పొరుగూరు వెళ్లడానికి బస్సునే తయారుచేసుకున్న మనిషిని అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు.

నన్ను ఎలా పెంచాలన్నది ఆవిడ ముందే తేల్చుకుంది. నాకు ఊహించడం నేర్పలేదు. ముప్పై అని రాస్తే, ‘ముప్పై ఏమిటి?’ అని తెర మీద అడిగి ఆగిపోతాను. డిగ్రీలా, నిమిషాలా, లీటర్లా, చెప్పాలి. ‘మళ్లీ చెయ్యి’ అంటే ఎన్నిసార్లో కూడా చెప్పాలి, లేకపోతే మోటారు తెల్లార్లూ తిరుగుతుంది. దీనివల్ల నాలో పొరపాటు చేయడం కష్టం. పని చేయడమూ కష్టమే.

పాలు కాచే నూకరాజు మొదటి రోజే అడిగాడు. “మేడంగారండీ, పాలు కాయడానికి డిగ్రీలు కాక గజాలుంటాయేటండీ?”

ఆవిడ నవ్వింది కానీ మార్చలేదు. నూకరాజు రాయడం మానేశాడు. మిగతావాళ్లు అసలు మొదలెట్టలేదు. కాగితాల మీద తమ మాటల్లో రాసిచ్చేవారు, ఆవిడే కూర్చుని నాలోకి ఎక్కించేది. ఆరేళ్లు ఏడయ్యాయి.

మేనేజరు సత్యానందంగారు సర్దుబాటు మనిషి. చెప్పనిచోట మామూలుగా వాడేదే అనుకోమనండి దాన్ని, అన్నారు. ఆవిడ వారం రోజులు ఆలోచించి సరేనంది. కవాటాలు తెరవడం, మూయడం అంతా సెకన్ల లెక్కే కనుక, కాలానికి కొలత చెప్పకపోతే సెకన్లు, వేడికి చెప్పకపోతే డిగ్రీలు అనుకొమ్మని నాకు నేర్పింది. ఆ నెలలోనే నలుగురు నాలో రాశారు. నేనూ మురిసిపోయాను. ఎదుటివాళ్ల మనసులో మాట నాకు తెలుసనుకోవడంలో ఒక రుచి ఉంటుంది, కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లకు తెలుస్తుంది.

ఒక శుక్రవారం నూకరాజు ‘కాచు 63, ఆగు 30’ అని రాశాడు. అరవై మూడు డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలని అతని ఉద్దేశం. పాలు కాచేవాడికి ముప్పై అంటే అరగంటే, ఇంకోలా ఎందుకుంటుంది? నేను అర నిమిషం ఆగి, నాలుగు వేల లీటర్లూ చల్లటి తొట్టిలోకి వదిలేశాను. ఎంత చురుగ్గా చేశానో అనుకున్నాను కూడా. పరీక్ష గదిలో పట్టుకున్నారు కాబట్టి ప్యాకెట్లలోకి ఎక్కలేదు. అన్నీ మళ్లీ కాచేసరికి పాల బండ్లు మూడు గంటలు ఆలస్యం. ఆ పొద్దున ఊళ్లో సగం మంది నల్ల టీ తాగారు.

నూకరాజుకు మెమో టైపయింది. సంతకం పడేలోపు హైమావతిగారు సత్యానందంగారి గదిలోకి వెళ్లింది.

“ముప్పై అని రాసినవాడిది తప్పు కాదండీ. అడక్కుండా ఊహించినదానిది. ఊహించమని నేర్పింది నేను.”

మెమో చింపారు. నాలోంచి ఊహ తీసేశారు. నేను మళ్లీ పాత నసమనిషినయ్యాను.

ఏప్రిల్‌లో మజ్జిగ ప్యాకెట్లు మొదలుపెట్టాలన్నారు. దానికి కొత్తగా రాయాలి. సరిగ్గా అప్పుడే ఆవిడ నాలుగు రోజులు సెలవు పెట్టి భీమిలి వెళ్లింది. అక్కగారి నంబరు కాగితం మీద రాసి తెర పక్కన అతికించి మరీ వెళ్లింది.

నూకరాజు రెండు రోజులు నా ముందు కూర్చున్నాడు. పంతొమ్మిది సార్లు ఆపాను. “ఓసి నీ దుంపతెగ, మజ్జిగ ఎంతసేపు చిలకాలో కూడా నీకు చెప్పాలంటే” అని తిట్టుకుంటూనే చెప్పాడు. మధ్యలో లేచిపోయి బీడీ కాల్చుకొచ్చాడు. ఇరవయ్యోసారి నాకు అడగడానికి ఏమీ మిగల్లేదు. మజ్జిగ వచ్చింది.

ఆవిడ తిరిగొచ్చి, అతను రాసింది మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. ఒక్క తప్పూ దొరకలేదు. ప్యాకెట్ చింపి తాగి, ఉప్పు చాల్లేదంది.

“ఫోన్ చేస్తావనుకున్నాను నూకరాజూ.”

“అవసరం పళ్లేదండీ. అన్నీ అదే అడిగిందండీ.”

ఏడేళ్లుగా ఆవిడ కోరుకున్నది ఇదే. అయినా ఆ సాయంత్రం ఎందుకో బల్ల సొరుగులన్నీ తీసి సర్దుకుంటూ కూర్చుంది. మనుషులు తాము లేకపోయినా జరగాలంటారు, జరిగితే మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంటారు.

తర్వాత మూడేళ్లకు బొత్తాలున్న యంత్రం వచ్చింది. బొమ్మ నొక్కితే పాలు కాగుతాయి. ఎవరూ ఏమీ రాయనక్కర్లేదు. ఆవిడకు బదిలీ అయింది, నూకరాజు బొత్తాలు నొక్కాడు.

నేనిప్పుడు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. ఒక ఫ్లాపీ, పక్కన ఆవిడ చేతిరాత నోటుపుస్తకం. ఆ ఫ్లాపీని చదివే యంత్రం కాలేజీలో లేదు. పిల్లలు వంగి చూస్తారు, ‘కాచు, కలుపు’ చదివి భలే ముద్దుగా ఉందనుకుంటారు, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నాకు ముద్దుతో పని లేదు. ఒక్కరు కూర్చుని నాలో నాలుగు ముక్కలు రాస్తే చాలు. నేను అడ్డం పడాలి, వాళ్లు విసుక్కోవాలి, లేచి వెళ్లి మళ్లీ రావాలి.