తాయెత్తు లేని పుంజు

నబీసా ఇంటి బోసిమెడ కోళ్లంటే కమలాపురం చుట్టుపక్కల ఒకప్పుడు పెద్ద పేరు. దవడ కింద నుంచి రొమ్ము దాకా ఒక్క ఈక ఉండదు, ఉత్త ఎర్రటి చర్మం. చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు, ఉన్నమాట చెప్పుకోవాలి. కానీ మే నెల మిట్టమధ్యాహ్నం తక్కిన కోళ్లన్నీ రెక్కలు దించి నోళ్లు తెరిచి రొప్పుతుంటే, ఇవి మాత్రం ఏమీ ఎరగనట్టు దిబ్బ గీరుకుంటూ తిరుగుతాయి. అంత ఎండలోనూ గుడ్డు మానవు. కడప ఎండకు కోడికి ఇంతకన్నా ఏం గుణం కావాలి?

అలాంటి జాతి కళ్లముందే తరిగిపోయింది. ఇప్పుడు పెరట్లో మిగిలిన బోసిమెడలు రెండు పెట్టలు, రెండు పుంజులు. తక్కిన పెట్టలన్నిటికీ మెడనిండా ఈకలే. ఊళ్లో మరెవరి దగ్గరా ఆ జాతి లేదు. దీనికంతటికీ నబీసా కనిపెట్టిన కారణం ఒకటే, కోడలి చెయ్యి.

హసీనా బద్వేలు నుంచి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచే ఈకల మెడల పిల్లలు ఎక్కువయ్యాయట. పొదగేసేటప్పుడు గంపలో గుడ్లు సర్దేది హసీనాయే. ఆ చెయ్యి మంచిదైతేనే పిల్లలు మంచివి పుడతాయని ఆ వీధిలో అందరి నమ్మకం. "నీ చెయ్యి మంచిది కాదు మే" అని అత్త పొద్దునా అనేది, సాయంత్రమూ అనేది, చుట్టాలొస్తే ఇంకాస్త గట్టిగా అనేది. హసీనాకు ఒళ్లు మండిపోయేది. రొట్టె తట్టేటప్పుడు మంచిదే, బట్టలు ఉతికేటప్పుడు మంచిదే, గుడ్డు ముట్టుకునేసరికి పాడైపోయిందా ఈ చెయ్యి!

ఆ ఇంట్లో జాతికి పుంజును ఏరడానికి ఒక పద్ధతి ఉంది. కొన్ని బోసిమెడ పుంజులకు గొంతు ముందు చిన్న ఈకల కుచ్చు వేలాడుతుంది. దాన్ని తాయెత్తు అంటారు. తాయెత్తున్న పుంజు దేవుడు ఏరిపెట్టిన పుంజు, దాన్నే జాతికి, అంటే పిల్లలెత్తడానికి పెట్టల్లోకి, వదలాలి. తాయెత్తు లేనిది కూరకు. నబీసా అత్త కాలం నుంచీ అదే నడుస్తోంది, ఎందుకని అడిగినవాళ్లు లేరు.

ఉన్న రెండు పుంజుల్లో ఒకటి నవాబు. ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక, గొంతు కింద నిండైన తాయెత్తు, నడిస్తే పెళ్లికొడుకే. రెండోది బోడోడు. మెడ మీద నలుసంత ఈక కూడా లేదు, మంగలి గీకి వదిలినట్టు ఉంటుంది. పోయినేడే కోతకు పట్టుకోబోతే గోడ దూకి పక్కింటి ఉరుకుందమ్మ దొడ్లో చేరి, చాలా కాలం అక్కడే కాపురం పెట్టి బతికిపోయింది.

దర్గాలో కందూరు దగ్గరపడింది. మొక్కుకున్నవాళ్లు కోడినో పొట్టేలునో కోసి పదిమందికీ వండిపెట్టే రోజది.

"కందూరుకు బోడోన్ని పట్టుకపో నాయనా," అంది నబీసా కొడుకు రబ్బానీతో. "నవాబును జాతికి ఇడుస్తాం."

"బోడోన్ని కొయ్యొద్దు," అంది హసీనా.

అత్త తల తిప్పి చూసింది. "ఏందిమే?"

"బోడోన్నే జాతికి ఇడుద్దాం అత్తా. నవాబును గంప కింద మూసి పెడదాం."

"మతి గాన పోయిందా నీకు? తాయెత్తు లేని పుంజును జాతికి ఇడిసేది ఈ ఇంట్లో యాడన్నా జరిగిందా?"

"జరగల్యా. అందుకే ఇట్లయింది."

రబ్బానీ గబగబా ఫోను తీసి అందులో ఏదో చాలా అవసరమైనది వెతకసాగాడు. ఇన్నేళ్లుగా అత్తాకోడళ్ల మధ్య అతను నేర్చుకున్న విద్య అదొక్కటే.

హసీనా ఆగలేదు. "పోయినేడు బోడోడు ఉరుకుందమ్మత్త దొడ్లో చేరినాడు గదా. ఆయమ్మ పెట్టలన్నిటికీ మెడనిండా ఈకలే. పిల్లలు మాత్రం ఒక్కటి తప్పకుండా బోసిమెడలు పుట్న్యాయి. మీ పుంజు మా కోళ్లను చెడగొట్న్యాదని మన వాకిట్లో నిలబడి తిట్టి, అన్నిట్నీ సంతలో అమ్మేసుకున్యాది. ఆడ గుడ్లకు నా చెయ్యి తగిలిందా? ఈడ తాయెత్తున్న నవాబు పిల్లల్లో సగం ఈకలోళ్లే. ఉండేది నా చేతిలో కాదు అత్తా, పుంజులో ఉండాది."

 నబీసాకు కోపం వచ్చింది. "మా అత్త తెలివితక్కువదా అయితే? పొదుగుకొచ్చిండేది ఒక్క పెట్ట. ఎండలు ముదిరినాయంటే మల్ల ఏ పెట్టా కూసోదు. ఈ తూరి గాన చెడితే కోళ్లన్నీ అమ్మేసి గంప బోర్లిస్తా, ఏమనుకున్యావో!"

"ఈ పొదుగులో ఒక్క ఈకల మెడ పిల్ల పుట్టినా, నా చెయ్యి మంచిది కాదని వీధిలో నిలబడి నేనే చెప్తా. ఇంగ కోళ్ల దిక్కు తొంగి కూడా సూడను."

అన్నమాట అన్నదే. కోడలు వీధిలో నిలబడి ఒప్పుకుంటానంటే ఏ అత్త వద్దంటుంది? కందూరుకు రబ్బానీ వేరే కోడిని కొనుక్కొచ్చాడు. నవాబు గంప కిందికి పోయాడు. బోడోడు పెరటికి రాజయ్యాడు.

పాత పుంజు ప్రభావం పెట్టలో మూడు వారాల దాకా ఉంటుందని కమలాపురం పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. అందుకని మొదట్లో వచ్చిన గుడ్లన్నీ హసీనా వంటింట్లోకే తెచ్చింది. "జాతి అంతా పులుసులోకే పోతాండాది," అని అత్త దెప్పుతూనే రెండోసారి కూర వేయించుకుని తినేది. పొదుగు పెట్టను మాత్రం పొదిగే ఆశ చావకుండా, పిల్లలు కాని వట్టి గుడ్ల మీద కూర్చోబెట్టి ఉంచారు. తీరా అసలు గుడ్లు సర్దే రోజున హసీనా చేసిన పని చూసి నబీసా నోరు నొక్కుకుంది. బోసిమెడ పెట్టల గుడ్లు ఒక్కటి కూడా పెట్టలేదు. అన్నీ ఈకల మెడ పెట్టలవే.

"యా అల్లా! చేతులారా చెడగొట్టుకుంటాండావే!"

"బోసిమెడలవి పెడితే రేపు తల్లి పోలిక అంటావు అత్తా. నాకు తెలీదా నీ సంగతి!"

గుడ్లు పగిలే రోజు ఉరుకుందమ్మ కూడా పొద్దున్నే వచ్చి కూర్చుంది. చోద్యమంటే ఆవిడ అన్నం కూడా మానేస్తుంది. పెట్ట రెక్కల కింద నుంచి ఒక్కొక్కటే బయటికొస్తోంది. తడిమీద ఏమీ తెలియడం లేదు. ఆరుతున్న కొద్దీ ఎర్రటి మెడ. రెండోదీ అంతే. మూడోదీ, నాలుగోదీ. 

"ఇదో! ఇదో సూడు!" నబీసా అరిచింది. ఆమె అరచేతిలోని పిల్లకు మెడచుట్టూ తెల్లగా అంటుకుని ఉంది. "ఈకలు! నేను చెప్పల్యా?"

హసీనా పెట్ట పక్కన కూర్చుంది. ఇన్నేళ్ల మాటలన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయింది. అయినా పిల్లను ఒళ్లోకి అందుకుంది. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి మెల్లగా ఒత్తింది. మెడకు ఎండి పట్టుకున్న గుడ్డు పొర మెత్తబడి ఊడొచ్చింది. కింద ఎర్రటి చర్మం, నున్నగా. గొంతు ముందు మాత్రం గోరంత నూగు కుచ్చు.

నబీసా ఆ కుచ్చును చూసింది. గబగబా ఇంకో పిల్లను పట్టుకుని గడ్డం ఎత్తి చూసింది. మరొకటి. ఇంకొకటి. ప్రతిదాని గొంతు కిందా అదే నూగు.

"తాయెత్తులు!" ఆమె పిల్లను పైకెత్తి చూపింది. "అన్నిటికీ తాయెత్తులే! బోడోనికే ల్యాకపాయ, బిడ్డలందరికీ కట్టినాడే!"

ఆనందం ఆపుకోలేక గోడ దగ్గరికి పోయి వీధి వినేలా కేక పెట్టింది. "వచ్చి సూడండిమే! మా కోడలి చెయ్యి ఎంత మంచిదో వచ్చి సూడండి!"

ఆ మాట కోసం హసీనా ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు చెవినపడితే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒళ్లోని పిల్లను తల్లి రెక్క కిందికి తోసి లేచి నిలబడింది.

"నా చేతిలో ఏమీ ల్యా అత్తా," అంది, గోడవతల వాళ్లకు కూడా వినబడేలా. "తాయెత్తు దేవుడు కట్టింది కాదు, బోసిమెడలో ఈకల పెట్ట కలిసిన గుర్తు. నా చేతిలో అప్పుడూ ల్యా, ఇప్పుడూ ల్యా."

 వీధిలోంచి తలలు పైకి లేస్తున్నాయి. నబీసా కోడలిని చూసింది, పిల్లల్ని చూసింది, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అవునుమే, ల్యా," అంది వాళ్లందరి ముందే. "అనింది నేను. తప్పు నాది. ఇంగ ఈ ఇంట్లో పుంజును ఏరేది నువ్వే."