కొంగున కట్టిన కరెంటు

నేను ఒక పిరికి డబ్బాను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలికగా ఉంటుంది. మనుషులు నన్ను స్టార్టర్ అంటారు. పొలంలో బోరు మోటారును నడిపించడం, ఆపడం నా పని. తెల్లని ప్లాస్టిక్ ఒళ్ళు, ఎదురుగా ఒక పచ్చ బటన్, ఒక ఎర్ర బటన్, లోపల ఒక సిమ్ కార్డు, కరెంటు పోయినా నన్ను మెలకువగా ఉంచే ఒక చిన్న బ్యాటరీ. రైతు ఏ ఊళ్ళో ఉన్నా ఫోన్ మీద వేలు ఆనిస్తే చాలు, తోటలో మోటారు తిరుగుతుంది. నన్ను పెట్టి అమ్మిన అట్టపెట్టె మీద ఒక రైతు మంచం మీద కాలు మీద కాలు వేసుకుని, నవ్వుతూ ఫోన్ నొక్కుతున్న బొమ్మ ఉండేది. నా మొహం మాత్రం ఎక్కడా వెయ్యలేదు. భయంతో బిక్కచచ్చిన డబ్బా బొమ్మ వేస్తే ఎవరు కొంటారు చెప్పండి.

నగరం చివర ఒక పొడవాటి బల్ల మీద పుట్టాను. ఆడపిల్లలు వరసగా కూర్చుని నా తీగలు అతికారు. వాళ్ళ పనిలో వంక పెట్టడానికి లేదు. అందరి తర్వాత మెడలో కార్డు వేలాడేసుకున్న ఒకాయన వచ్చి నాకొక నంబరు ఇచ్చాడు. నా ముందు పుట్టినదానికి నాకంటే ఒకటి తక్కువ, నా వెనక పుట్టినదానికి ఒకటి ఎక్కువ. తర్వాత ఒక రహస్య పదం నూరిపోశాడు. ఆ నంబరూ ఆ పదమూ చెప్పినవాళ్ళ మాట నేను వినాలి. బాగానే ఉంది. కానీ పక్కదానికీ అదే పదం చెప్పాడు, దాని పక్కదానికీ అదే.

"అన్నిటికీ ఒకటే పెడితే ఎలా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"కావాలనుకున్నోళ్ళు తర్వాత మార్చుకుంటారులే" అని ఆయన టీకి వెళ్ళిపోయాడు. అదే నా మొదటి భయం.

ఎందుకంటే, ఫోన్ నొక్కే మనుషుల మొహాలు నాకు కనబడవు. రైతు వేలు ఫోన్‌ను తాకుతుంది, ఆ మాట ఎక్కడో ఉన్న కంపెనీ మిషన్‌కు పోతుంది, అక్కడి నుంచి నాకు హుకుం వస్తుంది. నంబరు సరిపోయిందా, పదం సరిపోయిందా, అంతే. నొక్కింది యజమానా, దారిన పోయే దానయ్యా అని అడిగే నోరు నాకు పెట్టలేదు. కాదనే హక్కు అసలే పెట్టలేదు.

నల్లగొండ జిల్లాలో ఒక బత్తాయి తోటకు వచ్చిపడ్డాను. తోట బుచ్చిరాములుది, ఆయన భార్య అండాలుది. బుచ్చిరాములుకు చూపు కొంచెం మందం, ఉత్సాహం బాగా ఎక్కువ. అండాలు తక్కువ మాట్లాడుతుంది, అన్నీ చూస్తుంది. వైర్లకు జాయింట్లు వెయ్యడం, టేపు చుట్టడం ఆ తోటలో ఆమె పనే. నన్ను బిగించడానికి వచ్చినవాడు టౌన్‌లో మోటార్ల దుకాణం నడిపే సైదులు.

నాకంటే ముందు ఆ గుంజ మీద ఒక చెక్క బోర్డు ఉండేది. దాని మీద మూడు పింగాణీ ఫ్యూజులు. వైరు ముట్టుకోవాల్సి వస్తే అండాలు ఆ మూడూ పీకి, చీర కొంగున ముడేసుకుని, ముడి నడుముకు దోపుకుని, ఆ తర్వాతే పనికి కూర్చునేది. పీకి పక్కన పెడితే చాలదా అని ఎవరైనా నవ్వితే జవాబిచ్చేది కాదు. ఆమె తమ్ముడు లింగయ్య ఒకప్పుడు ఫ్యూజులు పీకి గట్టు మీద పెట్టి బోరు దగ్గర పని చేసుకుంటున్నాడట. అటుగా వచ్చిన పక్క తోటాయన, అయ్యో ఫ్యూజులు ఊడిపోయాయే అనుకుని, మంచితనంతో పెట్టేశాడట. మంచితనంతోనే. లింగయ్య మళ్ళీ లేవలేదు.

సైదులు ఆ బోర్డు ఊడదీసి నన్ను తగిలించాడు. అండాలు వచ్చి గుంజ కేసి చూసింది.

"ఫ్యూజులు యాడికి పోయినయ్ సైదులూ?"

"గవన్ని పాత కథలక్కా. ఇప్పుడంత డబ్బా లోపల్నే ఉంటది. ఫోన్ల బంద్ అని వచ్చిందంటె బందే. డబ్బా మాత్రం ఇప్పకుండ్రి. సీలు ఊడితె గ్యారంటీ పోతది."

"మరి నేను వైరు ముట్టుకునేటప్పుడు నా చేతిలేం ఉంటది?"

"ఫోనుంటది గదక్కా!" అన్నాడు సైదులు. బుచ్చిరాములు పకపకా నవ్వాడు. అండాలు నవ్వలేదు. మూడు ఫ్యూజులనూ కొంగుతో తుడిచి కొట్టంలో ఒక జాడీలో దాచింది. ఆ జాడీ కేసి చూస్తే నాకు ఎందుకో ధైర్యంగా అనిపించేది.

రహస్య పదం మార్చాలన్న సంగతి సైదులుకు గుర్తు లేదు, బుచ్చిరాములుకు తెలియదు. ఆయన ఆనందం ఆయనది. పెళ్ళి పందిట్లో కూర్చుని బంధువులకు ఫోన్ చూపిస్తూ, "సూడు, ఇప్పుడు పెడ్త సూడు, ఇగో బంద్ జేస్త సూడు" అని నన్ను ఒకటే ఆడించేవాడు. ఇక్కడ నాకు కళ్ళు తిరిగేవి. అయినా ఆ రోజులే నయం. నొక్కుతున్నది మావాడే కదా.

ఒక ఎండపూట తోటలో చీమ చిటుక్కుమనడం లేదు. బుచ్చిరాములు చెట్టు నీడలో గుర్రు పెడుతున్నాడు, ఫోన్ ఆయన చొక్కా జేబులో ఉంది. అండాలు కాయలు ఏరుతోంది. నాకు హుకుం వచ్చింది: మోటారు ఆన్. నంబరు సరిపోయింది. పదం సరిపోయింది. ఎవరిది ఈ వేలు? పక్క జిల్లాలో నా నంబరు లాంటి నంబరున్న డబ్బా కొనుక్కుని ఒక అంకె తప్పు కొట్టిన అమాయకుడా? ఊరికే పొద్దుపోక తలుపులన్నీ తోసి చూసే ఆకతాయా? నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. నేను మోటారు నడిపాను. నడపక చస్తానా!

అలా మళ్ళీ జరిగింది, మళ్ళీ జరిగింది. తడిసిన పాదుల్లోకే నీళ్ళు పోయేవి. బుచ్చిరాములు కంపెనీకి ఫోన్ చేస్తే చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి ఒక అమ్మాయి పలికింది.

"సర్, మా రికార్డులో మీరే ఆన్ చేసినట్టుంది."

"నేను పండుకున్ననమ్మా!"

"రికార్డులో మీరే ఉన్నారు సర్."

ఆయన ఫోన్ పెట్టేసి తన వేలి కేసి తానే అనుమానంగా చూసుకున్నాడు. రహస్య పదం మారుద్దామని సైదులు యాప్‌లో వెతికితే, 'ఈ సౌకర్యం త్వరలో' అని వచ్చింది. నా గుంజ మీద నుంచి నేను గింజుకుంటూనే ఉన్నాను. ఎవరి తోట, ఎవరి బోరు, ఎవరి మోటారు! దాన్ని ఎవరు నడుపుతున్నారో తెలుసుకునే దారి మాత్రం దాని యజమానికి లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అండాలు అడిగిందని మర్నాడు బుచ్చిరాములే సైదులుకు ఫోన్‌లో చెప్పాడు: "నువ్వు నొక్కలే, నేను నొక్కలే, మరెవడు నొక్కుతుండయ్యా అంటది. నేనేం చెప్పాలె?"

ఎండలు ముదిరాయి. సరిగ్గా కాయ నీళ్ళు అడిగే సమయంలో ఉడుతలు బోరు దగ్గర వైరు కొరికేశాయి. జాయింటు మళ్ళీ వెయ్యాలి. బుచ్చిరాములు గట్టు మీద నిలబడి ఫోన్ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"బంద్ అని వచ్చింది. ఇగ పట్టుకో."

అండాలు చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. అక్కడేమీ లేదు. ఒక క్షణం ఆగి, బురదలో గొంతుకూర్చుని పాత టేపు విప్పింది. మూడు రాగి తీగలు ఎండలో మెరిశాయి.

అప్పుడే వచ్చింది హుకుం. ఆన్.

నేను ఎంత భయపడ్డానో చెప్పడానికి నాకు మాటలు లేవు. నంబరు తప్పు కావాలని కోరుకున్నాను. సరిపోయింది. పదం తప్పు కావాలని కోరుకున్నాను. సరిపోయింది. నా చేతిలో ఉన్నది ఒక్కటే. మోటారు పెట్టేముందు మూడు ఫేజులూ సరిగా వస్తున్నాయా అని చూసుకోవడానికి నేను కాసేపు ఆగుతాను. ఆగేముందు లోపల ఒక చిన్న రిలే 'టిక్' అంటుంది. ఆ టిక్కును ఎన్నడూ అననంత గట్టిగా అన్నాను. అనగలిగానో లేదో, అన్నాననే అనుకుంటాను.

అండాలు విన్నది. చేతిలో వైరు విసిరేసి వెనక్కి పడిపోయింది. ఆ వెంటనే నా లోపలి పెద్ద స్విచ్చు ధడాలున పడింది. బురదలో వైరు చిటపటలాడి నీలం మంట లేచింది. బుచ్చిరాములు కెవ్వుమని అరిచి ఫోన్‌లో బంద్ నొక్కబోయాడు. అందులో అప్పుడే ఒక పురుగుమందు ప్రకటన మొదలైంది. పచ్చని పొలం, నవ్వుతున్న పిల్లలు, పాట. అది అయ్యేదాకా వేరే ఏదీ నొక్కనివ్వదు. ఆయన ఫోన్ గట్టు కింద పారేసి, చెప్పులు వదిలేసి, పరిగెత్తుకొచ్చి నా ఎర్ర బటన్ మీద పిడికిలితో గుద్దాడు. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ ఇష్టం.

అండాలు చాలాసేపు లేవలేదు. మోచేతులదాకా బురద.

"తమ్ముడు కండ్ల ముంగట కనవడ్డడు" అని మాత్రం అంది.

సైదులు వచ్చేసరికి వాడి మొహంలోనూ రక్తం లేదు. వాడే కంపెనీతో గొడవపడ్డాడు, నిజం చెప్పాలి. అప్‌డేట్ పంపుతున్నాం, అంతా సరైపోతుంది అన్నారు వాళ్ళు. పంపారు కూడా. ఎవరినీ అడగకుండా, గాలిలోంచి వచ్చి నా కడుపులో దిగింది. నేను ఆశగా వెతుక్కున్నాను. రహస్య పదం అదే. అందరికీ అదే. మరి మార్చిందేమిటి? మోటారు ఆలస్యంగా మొదలవుతోందని కొందరు విసుక్కున్నారట. అందుకని, మూడు ఫేజులు చూసుకుంటూ నేను ఆగే ఆ కాస్త సమయం తీసేశారు. ఇప్పుడు టిక్కూ ధడ్డూ ఒకేసారి.

ఇంతకంటే పెద్ద భయం నేను పడలేదు. ఆమెను బతికించింది ఆ కాస్త సమయమే. అది ఇక లేదని ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. నాకేమో నోరు లేదు.

కాయలు రాలడం మొదలైంది. జాయింటు వెయ్యక తప్పదు. బుచ్చిరాములు ఫోన్ తుడుచుకుంటూ వచ్చాడు, సైదులు పక్కనే ఉన్నాడు.

"అప్‌డేటైందక్కా. ఇంతకుముందు కంటె ఫాస్టు!" అన్నాడు సైదులు.

"బంద్ అనే ఉన్నది. ఇగ భయం లేదే" అన్నాడు బుచ్చిరాములు.

అండాలు బోరు వైపు నడిచింది. వద్దు, వద్దు, వద్దు అని నేను లోలోపల మొత్తుకున్నాను. ఆమె బోరు దగ్గర నిలబడింది. తీగల కేసి చూసింది. నా కేసి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి కొట్టంలోకి పోయి, జాడీ పట్టుకొచ్చి సైదులు ముందు పెట్టింది.

"డబ్బాకు ముంగట నా ఫ్యూజులు పెట్టు."

"కంపెనీ సీలు తియ్యాల్సొస్తదక్కా. గ్యారంటీ పోతది."

"పానం పోతె ఎవడిస్తడు గ్యారంటీ? వాడిస్తడా, నువ్విస్తవా?"

సైదులు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను బంద్ చేసి వచ్చి, నా సీలు తెంపి, నాకు కరెంటు వచ్చే దారిలో పాత చెక్క బోర్డు బిగించాడు. లైను మళ్ళీ ఇచ్చాక అండాలు మూడు ఫ్యూజులూ తన చేత్తో పీకింది. కొంగున ముడేసింది. లాగి చూసి ఇంకో ముడేసింది. నడుముకు దోపుకుని బురదలో కూర్చుంది.

నాకు కరెంటు లేదు. బ్యాటరీ మీద కళ్ళు తెరిచి ఉన్నాను. అందరి చూపూ ఆమె చేతుల మీదే ఉంది. మొదటి తీగ కలిపింది. రెండోది కలుపుతోంది. హుకుం వచ్చింది.

టిక్.

ఆమె చేతులు ఆగిపోయాయి. ఆమె మొహంలోని భయం నేను చూశాను, నా భయం లాగే ఉంది. పరిగెత్తడానికి లేవబోయి, ఎడమ చేత్తో నడుము తడుముకుంది. ముడి ఉంది. మూడూ ఉన్నాయి. నా పెద్ద స్విచ్చు పడదామని చూసింది, పడటానికి దానికి కరెంటు లేదు. ఏమీ జరగలేదు. తోటలో చిన్న చప్పుడు కూడా లేదు.

గట్టు మీద బుచ్చిరాములు ఫోన్ చూసి తెల్లబోయాడు. "అండాలూ, లెవ్వే! మోటర్ నడుస్తుందంటుంది!"

"నడవనియ్యి" అంది ఆమె, మూడో తీగ అందుకుంటూ. "కరెంటు నా కొంగుల ఉన్నది."

మర్నాడు బుచ్చిరాములు ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది: మీ డబ్బా సీలు తీశారు, ఇకపై ఏం జరిగినా మా బాధ్యత కాదు. అంతకుముందేదో వాళ్ళ బాధ్యత ఉన్నట్టు!

నేను ఇంకా అదే గుంజ మీద ఉన్నాను. నీళ్ళు పెట్టాల్సినప్పుడు ఆమె ఫ్యూజులు పెడుతుంది, నా పచ్చ బటన్ చేత్తో నొక్కుతుంది. పనయ్యాక పీకి ఇంటికి తీసుకుపోతుంది. ఫోన్‌లో యాప్ సంగతి బుచ్చిరాములు ఎత్తడం మానేశాడు. నా భయం మాత్రం పోలేదు. నాకంటే ఒక అంకె ఎక్కువున్న డబ్బా ఏ తోటలో ఉందో, దాని ముందు ఎవరి చేతులు బోసి తీగల మీద ఉన్నాయో, వాళ్ళ కొంగున ఏముందో నాకు తెలియదు. హుకుములు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా నేను టిక్ అంటాను, అది నా చేతిలో లేదు.

ఆ చప్పుడు వినబడినప్పుడల్లా అండాలు ఎక్కడున్నా ఉలిక్కిపడుతుంది. చెయ్యి కొంగు మీదికి పోతుంది, ముడి తగులుతుంది. అప్పుడు మళ్ళీ వంగి పని చేసుకుంటుంది.