పెద్దింటి ముందు స్పీడ్ బ్రేకరు

కొడుకు కారు కొన్నాడని తెలిసిన రోజున కృపారావు మాస్టారు పేటంతా వినబడేలా సంతోషించారు. ఆ కొడుకే ఆ కారుని చేజేతులా నేలకి దించేశాడని తెలిసిన రోజున అంతకు రెట్టింపు గట్టిగా మండిపడ్డారు. కోపం ఆయనకి కొత్తేమీ కాదు. ఆ కోపంతోనే ఊరి పిల్లలకి లెక్కలు నేర్పి, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. కాకపోతే ఇదివరకు ఆ కోపం ఎప్పుడూ ఇంటి బయటివాళ్ళ మీదే ఉండేది. సొంత కొడుకు మీద రావడం ఇదే మొదలు.

సుభాష్ షార్జాలో స్పోర్ట్స్ కార్ల షెడ్డులో పనిచేసి తిరిగొచ్చి, రావులపాలెంలో హైవే పక్కన సొంత షెడ్డు పెట్టుకున్నాడు. అరటి గెలల లారీలు బారులు తీరే చోట లారీల పని పట్టుకుంటే చేతినిండా పనే. లారీలు అతగాడి కంటికి ఆనవు. బెంగుళూరులో ఎవరో వాడి వదిలేసిన జర్మనీ కారొకటి తెచ్చుకున్నాడు. అది మామూలు కారు కాదు, ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందుతుంది. వానాకాలంలో మన పేట బురదలో కూడా ఆగదని తండ్రికి చెప్పాడు. మాస్టారికి ఆ ముక్క ఎక్కడో తగిలింది. మోకాలి లోతు బురద తొక్కుతూ బడికెళ్ళిన మనిషి ఆయన. అలాంటి కారులో తలెత్తుకుని కూచుని ఊరి నడిబొడ్డున వెళ్ళాలని పైకి చెప్పుకోలేని ముచ్చట పుట్టింది.

నెల తిరక్కుండానే ఓ శనివారం సాయంత్రం కారు వాకిట్లోకి వచ్చింది. మాస్టారు చూసి నాలుగు టైర్లూ ఒకేసారి పంచరయ్యాయేమో అనుకున్నారు. కారు కడుపుకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత సందుంది, అంతే. సుభాష్ కారు చుట్టూ తిరుగుతూ, పిల్లాడి మార్కులు చెప్పుకునే తండ్రిలాగా చెప్పుకొచ్చాడు. పాత స్ప్రింగులు పీకేసి ఎత్తు తగ్గించేవి వేశాడట. పల్చటి టైర్లు, వెనకాల లావుపాటి గొట్టం. ఇంజను అడుగున రాళ్ళు తగలకుండా ఉండే రేకు కూడా ఊడదీశాడట, అదుంటే ఇంత కిందకి రాదట. ఇలా ఉంటేనే మలుపుల్లో రోడ్డుకి అతుక్కుపోతుందనీ, కాకినాడ నుంచీ భీమవరం నుంచీ కుర్రాళ్ళు దీన్ని చూడ్డానికే షెడ్డుకి వస్తున్నారనీ, తన షెడ్డుకి ఇదే బోర్డనీ చెప్పాడు.

మాస్టారు అంతా విన్నారు. తలుపు తీసి లోపలికి తొంగి చూశారు.

"ఇందులో కూచోవాలంటే గొంతుక్కూచోవాలి," అన్నారు. "మీ తాత మత్తయి బతుకంతా గొంతుక్కూచునే గడిపేడు. అలా కూచోకుండా ఉండడానికి నా బతుకు సరిపోయింది. నువ్వు చేతి డబ్బు పెట్టి మళ్ళీ కిందకి దించుకొచ్చేవు."

సుభాష్ మొహం మాడిపోయింది. మాస్టారి భార్య ఎలీసమ్మ మధ్యలో దూరి అన్నం వడ్డించేసింది. ఆ పూటకి అది అక్కడితో ఆగింది గానీ, తండ్రీ కొడుకులు ఆ వారమంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

పై వారం కొత్తపేట చర్చిలో ఎలీసమ్మ మేనకోడలి పెళ్ళి. మాస్టారు ఆటోలో వస్తానన్నారు. సొంత కారు పెట్టుకుని ఆటోలో దిగితే నలుగురూ ఏమనుకుంటారని ఎలీసమ్మ పోరు పెట్టింది. పిల్లాడు చిన్నబుచ్చుకున్నాడని కూడా చెప్పింది. చివరికి ఆయన సరేనన్నారు. ఒక్క షరతు మాత్రం పైకి అనలేదు. అది ఆ ఇంట్లో ఇంకా చెప్పాల్సిన అవసరం ఉందని ఆయన అనుకోలేదు.

పేట ఊరికి చివర, కాలవ గట్టు మీద ఉంటుంది. అక్కణ్ణించి కొత్తపేట రోడ్డెక్కాలంటే పెద్దవీధిలోంచి పోవాల్సిందే. ఆ వీధి సగంలో అమ్మిరాజు మేడ ఉంది. ఇప్పుడు ఎవరూ చెప్పుకోరు గానీ, ఒకప్పుడు పేటవాళ్ళెవరైనా ఆ మేడ ప్రహరీ మొదలైన చోట సైకిలు దిగి, చెప్పులు చేత పట్టుకుని, ప్రహరీ అయిపోయేదాకా నడిచి, అప్పుడు మళ్ళీ ఎక్కాలి. ఎక్కడా రాసి లేదు. అందరూ దిగేవారు. ఇంటర్ చదివే కృపారావు ఒకనాడు దిగలేదు. అమ్మిరాజు అరుగు దిగొచ్చి చొక్కా పట్టి లాగి, సైకిలు తీసుకెళ్ళి కాలవలో పారేయించాడు. మత్తయి వచ్చి ఆ అరుగు ముందు గొంతుక్కూచుని, కొడుకు తప్పు కాయమని పొద్దు వాలేదాకా బతిమాలాడు. మర్నాడు కృపారావు సైకిలు పైకి తీసుకుని, తుడుచుకుని, గంట కొట్టుకుంటూ అదే వీధిలో వెళ్ళాడు. మళ్ళీ తన్నారు. మళ్ళీ వెళ్ళాడు. కాలేజీ చదువు అయ్యేలోపు తన్నేవాళ్ళే విసిగిపోయారు. అతని వెనకే ఒక్కొక్కరూ దిగడం మానేశారు.

అప్పట్నుంచి ఆయన ఆ ఇంటి ముందు నేల మీద కాలు పెట్టలేదు. సైకిలు మీద, తర్వాత స్కూటరు మీద, ఎప్పుడూ ఎక్కి వెళ్ళడమే. ఆ ఇంటి పెళ్ళిళ్ళకి కార్డులు వచ్చినా వెళ్ళలేదు. యాభై ఏళ్ళుగా ఆయనకున్న ఆస్తి అదొక్కటే అనుకున్నా తప్పులేదు.

సుభాష్‌కి ఈ కథ తెలియక కాదు. ఉగ్గుపాలతో తాగాడు. కుటుంబ ప్రార్థనలో పాట పాడుతూ వేరే సంగతి ఆలోచించుకునే పిల్లల్లాగా, ఆ కథ వింటూ వాడు ఎప్పుడూ ఇంకేదో ఆలోచించుకునేవాడు.

పెళ్ళి రోజు పొద్దున్న మాస్టారు తెల్ల పంచె, తెల్ల చొక్కాతో ముందు సీట్లో కూచున్నారు. పట్టుచీరతో ఎలీసమ్మ వెనక కూచుంది. గట్టు మీద రెండుసార్లు కారు అడుగు గీరుకుంది. రెండుసార్లూ సుభాష్ పళ్ళు బిగించాడు, మాస్టారు పంచె అంచు సర్దుకున్నారు. దారిలో కనబడ్డవాళ్ళు ఆయనకి దణ్ణం పెట్టడానికి నడుం వంచి అద్దంలోకి చూడాల్సొచ్చింది. ఆయన కళ్ళకి వాళ్ళ మోకాళ్ళు కనబడుతున్నాయి. ఆ కోపం కూడా మింగారు.

పెద్దవీధిలో మేడ ముందు కారు ఆగింది.

ఎదురుగా స్పీడ్ బ్రేకరుంది. సిమెంటు రోడ్డు పడ్డప్పుడు ఎవరిళ్ళ ముందు వాళ్ళు తలొకటి వేసుకున్నారు. మేడవాళ్ళు తమ పిల్లలు వీధిలో ఆడుకుంటారని సగానికి చీల్చిన కొబ్బరి దుంగ అడ్డంగా వేయించి పైన సిమెంటు పోయించారు. ఎవర్నీ ఉద్దేశించి వేసింది కాదు.

"ఒక్క నిమిషం దిగాలండీ నాన్నగారూ," అన్నాడు సుభాష్. "బరువుంటే ఇంజను అడుగు తగులుద్ది. నేనొక్కణ్ణే వంకరగా ఎక్కించేస్తాను. అమ్మా, నువ్వు కూడా."

మాస్టారు కదల్లేదు. రోజూ ఇలాగే చేస్తున్నావా అని అడిగారు. సుభాష్ అందులో తప్పేముందన్నట్టు చూసి, ఆయ్, పేట నుంచి ఎవరిని ఎక్కించుకున్నా ఇక్కడ దింపి ఆ ప్రహరీ చివర మళ్ళీ ఎక్కించుకుంటున్నానని చెప్పాడు. మొన్న పాస్టరు గారిని. నిన్న పాపాయమ్మ అత్తని. ముసలావిడ చెప్పులు జారిపోతాయని చేత్తో పట్టుకుని నడిచిందట, నవ్వొచ్చిందట.

ఆయన చెవుల్లో రక్తం పొంగింది. తన్నులు తిని తాను మాన్పించింది, ఎవరూ అడక్కుండా, ఎవరూ బెదిరించకుండా, తన కడుపున పుట్టినవాడు మళ్ళీ మొదలుపెట్టాడు. అదీ ఒక కారు అడుగు గీరుకుంటుందని.

"నేను దిగను. పోనీ."

సుభాష్‌కీ కోపం వచ్చింది. వాడూ ఆయన కొడుకే. ఇంజను అడుగు పగిలితే ఇంక ఈ కారు లేవదన్నాడు. దీని సామాను తెప్పించడానికి షార్జాలో ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాడో చెప్పాడు. రెండడుగులకి ఇంత రాద్ధాంతమేమిటన్నాడు. మేడవాళ్ళ శివప్రసాద్ తనతో ఒరే అంటే ఒరే అనుకునే స్నేహితుడనీ, వాళ్ళ కారు కూడా తనచేతే దింపించుకుంటానన్నాడనీ గుర్తుచేశాడు.

"ఎప్పటిదో సైకిలు గొడవకి ఇవాళ నా కారు బద్దలుకొట్టుకోమంటారా? ఇప్పుడెవరాపుతున్నారండీ మనల్ని?"

"ఎవరూ ఆపక్కర్లేకుండా నువ్వే ఆపేవు గదరా," అన్నారు మాస్టారు.

సుభాష్ విసురుగా తలుపు తీసుకుని కిందకి దిగి, బానెట్ మీద చెయ్యేసి అటు తిరిగి నిలబడ్డాడు. ఈలోగా గేటులోంచి శివప్రసాద్ రెండు బల్లచెక్కలు మోసుకుని వచ్చాడు. సుభాష్ కారు కోసమే అతను ఆ చెక్కలు ఇంట్లో పెట్టించాడు. మంచివాడు. మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. వంగి, ఎండలో ఎందుకండీ, అరుగు మీద కూచోండి, మజ్జిగ పంపిస్తానన్నాడు. ఆ మర్యాదకి మాస్టారికి ఇంకా ఒళ్ళు మండింది. తిట్టడానికి అక్కడ మనిషే లేడు.

అప్పుడు అరుగు మీద పడక్కుర్చీలోంచి అమ్మిరాజు గొంతు వినిపించింది. ఎనభై దాటాయి, చూపు ఆనదు గానీ గొంతు పాతదే. కారెందుకు ఆగిందని మనవణ్ణి అడిగాడు. కృపారావు మాస్టారని మనవడు చెప్పాడు.

"మత్తయి కొడుకా," అన్నాడు ముసలాయన. నవ్వాడు కూడా. "దిగరా కృపా. రెండడుగులు నడిస్తే అరిగిపోతావా? దిగు."

అందులో పగ లేదు. పశువుని పక్కకి జరగమన్నట్టుగా, చాలా మామూలుగా అన్నాడు. శివప్రసాద్ సిగ్గుతో చచ్చిపోయి, తాతయ్యా, ఆయన మాస్టారు అన్నాడు గొంతు తగ్గించి. ముసలాయనకి అది వినబడలేదు.

మాస్టారు అరుగు వైపు చూడలేదు. కొడుకు వైపు చూశారు. ఊళ్ళో తన తండ్రిని 'రా' అన్న మనిషిని సుభాష్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కథలో ఆ మాట వందసార్లు విన్నాడు. మాట వేరు, ఆ మాట పుట్టిన గొంతు వేరు. వాడి చెయ్యి బానెట్ మీంచి మెల్లగా జారింది.

వచ్చి కారెక్కి తలుపేసుకున్నాడు. శివప్రసాద్ కంగారుగా చెక్కలు సర్దుతూ, ఆగరా, అడుగు పోద్దిరా అన్నాడు. సుభాష్ ఆగలేదు. వంకరగా కూడా తిప్పలేదు. తిన్నగా పోనిచ్చాడు.

కారు ముక్కు లేచింది, కడుపు ధబ్బున దుంగ మీద పడింది. ఇనుము సిమెంటుని కోసుకుంటూ వెళ్ళిన చప్పుడుకి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒక్క క్షణం ఇరుక్కుపోయిందనిపించింది. అంతలో నాలుగు చక్రాలూ ఒక్కసారిగా లాగి అవతల పడేశాయి. వెనకాల రోడ్డు మీద నల్లగా నూనె చార పరుచుకుంటూ వచ్చింది. పది గజాలు దొర్లాక సుభాష్ ఇంజను ఆపేశాడు. నూనె లేకుండా నడిపితే ఇంజను మాడిపోతుంది.

ఆగిన చోట కూడా పక్కన మేడ ప్రహరీయే ఉంది.

మాస్టారు కొడుకు నోటి మాట కోసం చూశారు. ఇప్పుడు దిగమంటాడు. అనడానికి వాడికి హక్కుంది, కారు పోయింది. సుభాష్ కిందకి దిగి, వంగి, ఇంకా కారుతున్న నూనె చూసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత తలుపు చట్రానికి భుజం ఆనించి, ఒక చెయ్యి స్టీరింగు మీద వేశాడు.

"మీరు కూచోండి నాన్నగారూ," అన్నాడు.

ఎలీసమ్మ చెప్పకుండానే దిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి వెనక్కి వెళ్ళి డిక్కీ మీద చేతులు పెట్టింది. కారు కదిలింది. శివప్రసాద్ చెక్కలు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చి ఆవిడ పక్కన చేతులు వేయబోయాడు.

"వద్దండీ," అన్నాడు సుభాష్ వెనక్కి తిరిగి. ఇందాకటిదాకా ఒరే అని పిలిచినవాణ్ణి 'అండీ' అన్నాడు. "మా కారు మీరు ముట్టుకోకండి."

శివప్రసాద్ చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

మాస్టారికి పక్క అద్దంలో అతని మొహం కనబడింది. ఏ తప్పూ చేయని మొహం. 'ముట్టుకోవద్దు' అన్న మాట ఆయన తన జీవితంలో ఎన్నోసార్లు విన్నారు, ఎప్పుడూ ఎదుటివాళ్ళ నోట. కొడుకు నోట వింటే గుండె ఉప్పొంగింది. ఉప్పొంగినందుకు అంతలోనే సిగ్గేసింది. కోపం మాత్రం పిసరంతైనా తగ్గలేదు, ఎవరి మీదో తెలియడం మానేసింది, అంతే.

వెనకనుంచి ఎలీసమ్మ ఆయాసం వినబడుతోంది. దిగి ఆవిడ పక్కన ఓ చెయ్యి వేద్దామని ప్రాణం లాగింది. తలుపు పిడి మీద చెయ్యి వేశారు. కాలు కదల్లేదు. నిటారుగా, ఎదురుగా చూస్తూ కూచున్నారు. ప్రహరీ ఇంకా సగం ఉంది.